చీడికాడ గానుగ దగ్గర బంతి భోజనం

అనకాపల్లి స్టేషనులో రైలు దిగగానే బెల్లం వాసన వస్తుందని మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పేవారు. మొన్న మాఘమాసంలో నేను దిగినప్పుడు ముందుగా నా ముక్కుకు తగిలింది మోటారుల పొగ. కాని బెల్లం మార్కెట్టు వేపు కొంతదూరం నడిచేసరికి పెద్దవాళ్ళ మాట అబద్ధం కాదని తెలిసింది. మన దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. చుట్టుపక్కల ఊళ్ళల్లో వండిన బెల్లం దిమ్మలు ఇక్కడికి వచ్చి, ఇక్కణ్ణించి ఒడిశాకూ, బెంగాలుకూ కూడా వెడతాయి.

నేను వెళ్ళవలసింది బెల్లం అమ్మేచోటికి కాదు, వండేచోటికి. అందుచేత చోడవరం వెళ్ళే బస్సెక్కి, అక్కడ మరో బస్సు మారి, చీడికాడ చేరుకున్నాను.

పిల్లలూ, మీలో చాలామంది చీడికాడ పేరు విని ఉండరు. పాత పటాల్లో వెతికితే విశాఖపట్నం జిల్లాలో కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. కాని జిల్లాలు మారినా ఊరు ఎక్కడికీ పోదు గదా! ఒకవేపు తూర్పు కనుమల కొండలు, ఇంకొక వేపు పొలాలు. కొండల్లోనుంచి వచ్చే బొడ్డేరు అనే ఏటికి కోనాం గ్రామం దగ్గర ఆనకట్ట కట్టి జలాశయం చేశారు. ఆ నీటితో వరీ, చెరుకూ పండిస్తారు. ఒకప్పటంత చెరుకు ఇప్పుడు లేదు. చాలామంది వేరే పంటలకు మారారు. అయినా సంక్రాంతి వెళ్ళాక ఈ దారిన పోతే, పొలాల మధ్య తెల్లటి ఆవిరి లేస్తూ గానుగలు ఇంకా కనిపిస్తాయి.

అక్కడ సైన్సు పాఠాలు చెప్పే మిత్రుడొకడు నాకున్నాడు. అతని అన్నగారు గానుగ ఆడిస్తున్నాడు. నన్ను వాళ్ళ ఇంట్లోనే దింపారు. తాతగారు, నాయనమ్మ, అన్నగారు, వదినెగారు, వాళ్ళ పిల్లలిద్దరూ, మా మిత్రుడూ ఆ ఇంట్లో ఉంటారు. కుర్రవాడు ఎనిమిదో తరగతి, పిల్ల అయిదో తరగతి.

ఆ రాత్రి భోజనానికి వంకాయ నెత్తళ్ళ కూర చేశారు. నెత్తళ్ళంటే వేలెడు పొడవుండే సముద్రపు చేపలు. ఎండబెట్టినవి సంతకు వస్తాయి. మగవాళ్ళం, పిల్లలం కూర్చున్నాం. వదినెగారు వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూ వడ్డించింది. నాయనమ్మ గడపలో కూర్చుని ఎవరికి ఏం కావాలో చూస్తూ ఉన్నది. అతిథిని గదా అని నాకు రెండోసారి కూర వేశారు. నేనూ వద్దనలేదు. మూడోసారి కూడా వేశారు. అప్పుడూ వద్దనలేదు.

“వదినెగారు కూర్చోరా?” అని మర్యాదకు అడిగాను.

“మా అమ్మ తరవాత తింటుంది. మా అమ్మకి నెత్తళ్ళు పడవు,” అన్నది అయిదో తరగతి పిల్ల.

తరవాత చెయ్యి కడుక్కోవటానికి పెరట్లోకి వెడుతూ చూస్తే, వంటింట్లో అత్తాకోడళ్ళిద్దరూ మజ్జిగన్నంలో ఊరగాయ ముక్క నంజుకుంటున్నారు. కూరగిన్నె తోమటానికి బయట పడి ఉన్నది. నేను దాన్ని చూసి కూడా ఏమీ ఆలోచించక, వెళ్ళి పడుకుని నిద్రపోయాను.

మర్నాడు ఆదివారం. తెల్లవారకముందే గానుగ దగ్గరికి వెళ్ళాం. పూర్వం గానుగను ఎద్దులు తిప్పేవి. ఇప్పుడు మోటారు తిప్పుతుంది. చెరుకు గడలు ఒకవేపు పెడితే రెండోవేపు పిప్పి వచ్చి పడుతుంది, రసం తొట్టిలోకి కారుతుంది. ఆ రసాన్ని మనిషి పడుకోగలిగినంత వెడల్పు ఇనప పెనంలో పోసి కాస్తారు. కట్టెలతో పనిలేదు. ఎండిన పిప్పే పొయ్యికి మేత. కాస్త సున్నపుతేట వేస్తే రసంలోని మలినం నురుగు కట్టి పైకి తేలుతుంది. దాన్ని మడ్డి అంటారు. మడ్డి తీసిన కొద్దీ రసం బంగారు రంగుకు తిరుగుతుంది.

మామూలు నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరుగుతుందని మీరు చదువుకున్నారు. చెరుకు రసం కూడా మొదట దాదాపు అక్కడే మరుగుతుంది. కాని నీరు ఆవిరైపోయి తీపి చిక్కబడిన కొద్దీ మరిగే వేడి పెరుగుతూ పోతుంది. సుమారు 118 డిగ్రీలకు వచ్చేసరికి బెల్లం తయారు. అన్నగారి దగ్గర ధర్మామీటరు లేదు. ఆయన గరిటెడు పాకం చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ముద్దచేసి చూశాడు. “ఇంకొంచెం,” అన్నాడు. కాసేపటికి మళ్ళీ చూసి, “దించండి!” అని కేకవేశాడు. ఆ రెండు పరీక్షలకూ మధ్య ఎంతోసేపు పట్టలేదు. ఆలస్యమైతే పాకం మాడుతుంది. తొందరపడితే దిమ్మ గట్టిపడదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గానుగాట మొదలుపెట్టినవాడు ఇంటికి వెళ్ళి అన్నం తిని రావటానికి వీల్లేదు. తీసిన రసం నిలవ ఉంచితే పులుస్తుంది. అందులోని చక్కెర విడిపోయి, ఎంత కాచినా బెల్లం సరిగా కట్టదు. అంచేత పెనం తరవాత పెనం, చీకటి పడేదాకా పని సాగవలసిందే. మనిషి ఇంటికి వెళ్ళలేడు గనక ఇల్లే అన్నం మూట కట్టుకుని మనిషి దగ్గరికి వస్తుంది.

మధ్యాహ్నం దాటాక వదినెగారూ, నాయనమ్మా నెత్తిన గిన్నెలు పెట్టుకుని పొలంగట్ల వెంట వచ్చారు. పిల్లలు వాళ్ళ వెనక నీళ్ళ బిందె మోసుకొచ్చారు. సరిగ్గా ఒక పెనం దించి, కొత్త రసం పోశారు. అది మరగటానికి కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధే భోజనాల వేళ.

చింతచెట్టు కింద విస్తళ్ళు పరిచారు. అవి అడ్డాకుల విస్తళ్ళు. కొండల్లో అడ్డతీగ అనే పెద్ద తీగ పెరుగుతుంది. దాని ఆకులను కొండమీది వాళ్ళు ఈనెలతో కుట్టి సంతల్లో అమ్ముతారు. ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లలు, కూలికి వచ్చినవాళ్ళిద్దరు, నేను. మొత్తం పది విస్తళ్ళు.

ఇక్కడ నేను చూసిన వింత ఏమంటే, వదినెగారు కూడా విస్తరి ముందు కూర్చున్నది. గానుగ దగ్గర వడ్డన తాతగారిదట! మోసుకొచ్చినవాళ్ళు కూర్చోవాలనీ, నీడన ఉన్నవాళ్ళు లేచి వడ్డించాలనీ ఆయన పెట్టుకున్న నియమం. ఇంటి దగ్గర ఈ నియమం ఎందుకు లేదని నేనడగలేదు. ఆయనకూ ఎప్పుడూ తోచి ఉండదు. అలవాటులో ఉన్న వింత అదే.

తాతగారు ముందుగా పది విస్తళ్ళలోనూ అన్నం పెట్టాడు. తరవాత పప్పుచారు. ఆఖరున గిన్నె మూత తీశాడు. మళ్ళీ నెత్తళ్ళే! ఈసారి టమాటాలతో ఇగురు పెట్టారు. ఆయన గిన్నెలోకి ఒకసారి, విస్తళ్ళ వేపు ఒకసారి చూసి, లెక్కవేసుకుని, అందరికీ సమంగా వడ్డించి తనకూ అంతే వేసుకుని కూర్చున్నాడు.

కొంతసేపటిదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆకలి అలాంటిది. అప్పుడు పిల్ల వాళ్ళమ్మ విస్తరిలోకి తొంగిచూసింది.

“అమ్మా, నీకు నెత్తళ్ళు పడవన్నావుగా?”

వదినెగారి విస్తట్లో ఇగురు ఒక్క ముక్కయినా మిగలలేదు. ఆవిడ నవ్వి, “ఇక్కడ ఆకలేసింది లేవే,” అన్నది.

“మరి నిన్న రాత్రి ఆకలెయ్యలేదా?” అన్నది పిల్ల.

తల్లి జవాబు చెప్పలేదు. నాయనమ్మ మాత్రం ముద్ద నోటిదాకా తీసుకుపోయి ఆపింది. “నాకూ పడవనే చెప్పేదాన్ని, మీ నాన్న చిన్నప్పుడు. చాలకపోతే ఏటి సెప్తాం మరి!” అన్నది.

అన్నగారు పెనం వేపు తిరిగి, పొంగటానికి ఇంకా చాలాసేపున్న రసాన్ని చూస్తూ కూర్చున్నాడు. కుర్రవాడు తన విస్తట్లోని రెండు నెత్తళ్ళు తీసి వాళ్ళమ్మ విస్తట్లో పెట్టబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. నా సంగతి చెప్పాలంటే, ముందురాత్రి మూడుసార్లు వేయించుకున్న కూర నాకప్పుడు గుర్తుకొచ్చింది.

మన భాషలో పొత్తు అనే మాట ఉన్నది. రెండు పక్షాలు ఏకమైతే పొత్తు కుదిరిందంటాం. పూర్వం కలిసి కూర్చుని తినటాన్ని కూడా పొత్తు అనే అనేవారు. ఇంగ్లీషువాళ్ళు సహచరుణ్ణి కంపానియన్ అంటారు. లాటిన్ భాషలో దాని మూలానికి కలిసి రొట్టె తినేవాడని అర్థం. దూరదూరపు భాషలకు ఒకే ఆలోచన తట్టింది, చూశారా? బంతిలో వలపక్షం కూడదని మనవాళ్ళు అంటారు, అంటే వరసలో కూర్చున్నవాళ్ళలో ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా వడ్డించరాదని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదనే సామెత కూడా ఉన్నది. కాని మన ఇళ్ళల్లో కడబంతిన కూర్చునేదీ, వడ్డించేదీ ఒకరే. అయినా ఆవిడ దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ! సామెత చెప్పినవాడు వంటింట్లోకి తొంగిచూసి ఉండడు.

పొద్దువాటారాక మా మిత్రుడు నన్ను కోనాం జలాశయం చూడటానికి తీసుకుపోయాడు. మూడువేపుల కొండలు, మధ్య నిశ్చలంగా నీరు. గట్టుమీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. నేను మధ్యాహ్నం సంగతి ఎత్తాను. అతను సైన్సు మేష్టారు గదా, అతని దగ్గర లెక్కలున్నాయి.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తంలో ఊపిరిగాలిని మోసుకుపోయే ఎర్రటి పదార్థం పేరు హీమోగ్లోబిన్. దానికి ఇనుము కావాలి. ఇనుము చాలకపోతే ఆయాసం వస్తుంది, తల తిరుగుతుంది, చిన్నపనికే అలసట కలుగుతుంది. రక్తహీనతకు కారణాలు అనేకం ఉన్నాయి. ఆఖరున తినటం ఒక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. కాని చేపలూ, పప్పూ, ఆకుకూరా ముందు కూర్చున్నవాళ్ళకు అయిపోయి, వెనక తినేవాళ్ళకు మజ్జిగన్నం మిగిలితే ఇనుము ఎక్కణ్ణించి వస్తుంది?

“దీనికి మందు కనిపెట్టినవాళ్ళున్నారు,” అన్నాడు మా మిత్రుడు. రాజస్థాన్‌లో బాన్స్‌వాడా, సిరోహి జిల్లాల గిరిజన గ్రామాల్లో కొన్నేళ్ళ కిందట ఒక ప్రయత్నం చేశారు. ఆడవాళ్ళు ఆఖరున తినే ఇళ్ళకు వెళ్ళి, తిండి పెంచమని గాక, అందరూ ఒకేసారి కూర్చుని తినమని నచ్చజెప్పారు. మాత్ర కాదు, టానిక్కు కాదు, అందరూ కలిసి కూర్చోవటమే మందు. అలా కూర్చున్న ఇళ్ళల్లో ఆడవాళ్ళకూ, పిల్లలకూ తిండి మెరుగుపడింది. ఒకే గిన్నె చుట్టూ అందరూ ఉన్నప్పుడు, ఎంత ఉన్నదో ఎవరికెంత వచ్చిందో కళ్ళకు కనిపిస్తుంది. ఎవరూ చెడ్డవాళ్ళు కాకపోయినా, చూడనిదాన్ని గురించి ఎవరూ ఆలోచించరు.

“మనవాళ్ళం కలిసి తినే జాతి అనుకుంటాం గదా!” అన్నాను.

అతను నవ్వాడు. 2025లో వెలువడిన ప్రపంచ సంతోష నివేదికలో 142 దేశాల సంగతి ఉన్నదట. వారంలో పగలు ఏడు, రాత్రి ఏడు, మొత్తం 14 భోజనాల్లో ఎన్ని ఇంకొకరితో కలిసి తిన్నారని జనాన్ని అడిగారు. దక్షిణాసియావాళ్ళ సగటు నాలుగుకు లోపే వచ్చింది! లాటిన్ అమెరికావాళ్ళకు తొమ్మిదికి దగ్గిరగా వచ్చింది. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 2023లో నలుగురిలో ఒకరు ముందురోజంతా ఒంటరిగానే తిన్నామన్నారు. ఎక్కువగా కలిసి తినేవాళ్ళు తమ బతుకు బాగున్నదని ఎక్కువగా చెప్పారు. అయితే కలిసి తినటంవల్ల సంతోషం వస్తుందా, సంతోషంగా ఉన్నవాళ్ళే కలిసి తింటారా అన్నది మాత్రం దానివల్ల తేలలేదని మా మిత్రుడు ఒప్పుకున్నాడు. మంచి మేష్టారి లక్షణం అది.

పిల్లల విషయం మాత్రం ఇంకాస్త తేటగా ఉన్నది. 1980లో లియాన్ బర్చ్ అనే అమెరికా శాస్త్రవేత్త చిన్నపిల్లలతో ఒక తమాషా పరీక్ష చేసింది. ఒక కూర ఇష్టంలేని పిల్లను, ఆ కూరనే కోరి తినే పిల్లల మధ్య కూర్చోబెట్టింది. ఎవరూ బతిమాలలేదు, బెదిరించలేదు. కొద్దిరోజుల్లోనే ఆ పిల్ల కూడా పక్కవాళ్ళు తీసుకునే కూరే తీసుకోసాగింది. ఇది విని నాకు పొద్దుటి సంగతి గుర్తుకొచ్చింది. ఈ ప్రాంతంలో రాగులను చోళ్ళంటారు. ఇంట్లో చోడి అంబలి చూస్తే ముఖం తిప్పుకునే ఎనిమిదో తరగతి కుర్రవాడు, గానుగ దగ్గర కూలివాళ్ళ పక్కన కూర్చుని ఉల్లిపాయ కొరుక్కుంటూ లోటాడు అంబలి తాగాడు!

కాథరిన్ స్నో అనే ఆవిడా, ఆవిడ తోటివాళ్ళూ అమెరికాలో బోస్టను ప్రాంతపు పేద కుటుంబాల్లో భోజనాలవేళ జరిగే మాటలు రికార్డు చేసి పరిశీలించారు. చిన్నపిల్లలకు మామూలుగా వినిపించని కొత్తమాటలు, కథలపుస్తకం చదివి వినిపించేటప్పటికన్నా భోజనాల దగ్గరే ఎక్కువగా వినపడ్డాయట. అలాంటి మాటలు ఎక్కువగా విన్న పిల్లలకు తరవాత ఎక్కువ మాటలు తెలిశాయి. నేను దీన్ని వెంటనే నమ్మాను. ఎందుకంటే పాకానికీ, మడ్డికీ తేడా ఏమిటో ఆ రోజు నాకు చెప్పింది అయిదో తరగతి పిల్లే. ఏ పుస్తకంలో చదివావని అడిగితే, “పుస్తకమేటి? అన్నాల కాడ తాత సెప్పాడు,” అన్నది.

మేం తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. గానుగ ఆపి అందరూ ఇల్లు చేరారు. వాళ్ళ చేతులకూ, బట్టలకూ బెల్లం వాసన ఇంకా పోలేదు.

భోజనాల వేళకు పిల్ల హాల్లో కంచాలు పెడుతున్నది. ఒకటి, రెండు, మూడు… ఎనిమిది.

“ఎనిమిదెందుకే? ముందు మీరు తినండి. నేనూ, మామ్మా తరవాత తింటాం,” అన్నది వదినెగారు వంటింట్లోనుంచి.

పిల్ల మాట్లాడకుండా లోపలికి పోయి అన్నం గిన్నె తెచ్చి కంచాల మధ్య పెట్టింది. కుర్రవాడు చారుగిన్నె తెచ్చాడు. ఆనపకాయ నువ్వుపిండి కూర, మజ్జిగ, నీళ్ళ బిందె కూడా వచ్చాయి. వంటింట్లో ఇక వడ్డించటానికేమీ మిగలలేదు.

“మరి వడ్డన ఎవరే?” అన్నది నాయనమ్మ.

“గానుగ కాడ తాత కదా! ఇక్కడా తాతే,” అన్నది పిల్ల.

తాతగారు ఒక క్షణం కోడలి వేపు, ఒక క్షణం నాయనమ్మ వేపు చూశాడు. తరవాత చొక్కా చేతులు పైకి మడిచి గరిటె అందుకున్నాడు. నాయనమ్మ గడప వదిలి ముందుకు జరిగింది. వదినెగారు కూర్చున్నదేగాని, ఎప్పుడు లేవవలసి వస్తుందో అన్నట్టు ఒక మోకాలు పైకి పెట్టుకునే ఉన్నది. అన్నగారు మంచినీళ్ళకోసం చెయ్యి చాచగానే ఆవిడ సగం లేచింది. కాని ఈలోపల కుర్రవాడు బిందెలో గ్లాసు ముంచాడు.

ఆనపకాయ కూర కొద్దిగానే ఉన్నది. తాతగారు గిన్నెలోకి చూసి, కంచాలు లెక్కపెట్టి, ఎనిమిది భాగాలు చేశాడు. అతిథినైనా నాకు వచ్చింది ఒక్క గరిటెడే.